గిడ్డంగి షట్టరు మ్రోత: కారణములు, నివారణోపాయములు

కందెన వేయని బండికి కావలసినంత సంగీతమను సామెతను మన రైతులలో నెరుగనివారు లేరు. సంఘపు గిడ్డంగి షట్టరు కూయ నారంభించిన వెంటనే గుమాస్తాకు గాని కావలివానికి గాని ఈ సామెతయే జ్ఞప్తికి వచ్చును. ఇంజనులోనుండి దించిన నల్లని నూనెనో, ట్రాక్టరు గ్రీజునో తెచ్చి, రెండు ప్రక్కల గాడులలో దట్టముగా పట్టించును. నాలుగు దినములు షట్టరు నోరు మూసికొని యుండును. నెల తిరుగక మునుపే మొదటికంటె హెచ్చుగా కూయును. సామెత బండి యిరుసు విషయమున పూర్తిగా సత్యము. షట్టరు విషయమున సగమే సత్యము. తక్కిన సగము నెరుగక చేయు పనులవలన సంఘపు ధనమే కాక, ఒక్కొక్కచో మనుష్యుల కాలుచేతులు కూడ చెడుచున్నవి గావున, ఈ మాసమున దీనిని గూర్చి కొంత విపులముగా వ్రాయుచున్నాము.

వ్యవసాయ ప్రదర్శకునకు షట్టరుతో పనియేమని కొందరు సభ్యులు తలపవచ్చును. సంఘపు గిడ్డంగిలో నుండునవి యూరియా, డి.ఏ.పి., పొటాషు, విత్తనపు వడ్లు. అవి తడియక, ఎలుకల పాలుగాక, అదను తప్పక రైతు చేతికి చేరవలెనన్న మొట్టమొదట తెరువవలసినది ఆ తలుపే గదా! నాట్లు ముమ్మరముగా సాగుచున్న వారమున షట్టరు నడుమ బిగిసి నిలిచిపోయిన సంఘము నొకదానిని మేము చూచితిమి. సరుకు లోపల, రైతులు వెలుపల. మరమ్మతువాడు పట్టణమునుండి వచ్చువరకు రెండు దినములు గడచెను. ఆ షట్టరు అంతకు ముందు ఆరు మాసములనుండి కూయుచునే యున్నదట. దానిని విన్నవారు పలువురు, విచారించినవా రొక్కరును లేరు.

ముందుగా షట్టరు నిర్మాణమును తెలిసికొనవలెను. పూర్వము అంగళ్ళకు వరుసపలకలుండెడివి. పలకలకు అంకెలు వేసి, ఉదయము ఒక్కొక్కటిగా గాడిలోనుండి తీసి, రాత్రి మరల వరుసగా నిలిపెడివారు. ఆ పలకలే అడ్డముగా పండి, సన్నని యినుప పట్టీలై, ఒకదాని యంచు నొకటి కొక్కెమువలె పట్టుకొని యున్నవని తలచినచో షట్టరు మనకు బోధపడినట్లే. పట్టీ వెడల్పు సాధారణముగా 80 మిల్లీమీటర్లు, రేకు మందము 0.9 మొదలు 1.25 మిల్లీమీటర్ల వరకు నుండును. పట్టీలు ప్రక్కలకు జరిగిపోకుండ వాని చివరల చిన్న బిళ్ళలు రివెట్లతో బిగింపబడి యుండును. గోడల కిరుప్రక్కల నిలువు గాడులు, పైన అడ్డముగా నొక గొట్టము, ఆ గొట్టముపై డబ్బీలలో నిమిడిన స్ప్రింగులు, గొట్టమును మోయు బ్రాకెట్లు, చుట్టను కప్పు రేకు, అడుగున బరువైన పట్టె - ఇంతియే షట్టరు.

ఇందులో స్ప్రింగు చేయు పనిని గ్రహించుట ముఖ్యము. 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల యెత్తుగల షట్టరును తీసికొందము. 1.2 మిల్లీమీటర్ల యినుప రేకు చదరపు మీటరునకు సుమారు 9.4 కిలోలు తూగును. 9 చదరపు మీటర్లకు రేకు బరువే 85 కిలోలు. అంచుల మడతలును, అడుగు పట్టెయు చేర్చినచో 100 కిలోలు దాటును. 75 కిలోల వడ్ల బస్తాను లేపుటకు ఇద్దరు కావలసి యుండగా, అంతకు మించిన బరువును గుమాస్తా యొక్కడు ఒంటిచేత లేపుచున్నాడు. ఆ బలము వానిది కాదు, స్ప్రింగుది. ఏతమున వెనుక కొనకు కట్టిన బరువు నీటి బానను పైకి తెచ్చినట్లే, స్ప్రింగు షట్టరును తెచ్చును. అయితే ఏతపు బరువు మారదు, స్ప్రింగు బలము మారును. షట్టరు పూర్తిగా దిగి యున్నపుడు వ్రేలాడు బరువు మిక్కుటము, అప్పుడే స్ప్రింగును మిక్కిలి బిగిసి యుండును. పైకి పోవుకొలది పట్టీలు చుట్టలో చేరి వ్రేలాడు బరువు తగ్గును, స్ప్రింగును సడలుచు వచ్చును. ఈ రెండును జోడెడ్లవలె కలిసి నడచినంతకాలము షట్టరు తేలికగా నాడును, దాని చప్పుడును మితముగా నుండును. ఒకటి వెనుకబడినచో రెండవదానిపై భారము పడి మ్రోత పుట్టును.

కావున మ్రోత వినబడినపుడు నూనె డబ్బాకై పరుగెత్తక, ముందుగా చెవి యొగ్గి వినవలెను. ఒకరు షట్టరును మెల్లగా లేపుచుండగా, మరియొకరు లోపలి ప్రక్కన, చుట్టకు నేర్కింద గాక కొంత దూరముగా నిలిచి, దీపము వైచి చూడవలెను. కూత పుట్టినచోట ఆపి, షట్టరు అడుగు పట్టె యెంత యెత్తుననున్నదో గోడపై సుద్దతో గీత పెట్టవలెను. ఇట్లు రెండు మూడు మారులు చేసినచో సంగతి బయటపడును. షట్టరు ఎత్తి దించినప్పుడెల్ల ఒక్క గీత యొద్దనే కూత వచ్చుచున్న, ఆ సమయమున గాడిలో నొరయుచున్న పట్టీయో, గాడిలోని సొట్టయో కారణము. అట్లుగాక ఇంచుమించు మీటరున కొక్కమారు చొప్పున మరల మరల వచ్చుచున్న, దోషము పైన తిరుగుచోట నున్నది. ఏలయన 30 సెంటీమీటర్ల అడ్డుకొలతగల చుట్ట ఒక్క త్రిప్పు తిరిగినచో షట్టరు సుమారు 94 సెంటీమీటర్లు లేచును. దారి పొడవునను ఎడతెగక గరగరలాడుచున్న గాడులలో దుమ్ముయు త్రుప్పును చేరినవని తెలియవలెను.

మ్రోతలో జాతులు కలవు. సన్నని కీచుశబ్దము పొడిగానున్న యినుము ఇనుము నొరయుటచే వచ్చును. ఇందులో అపాయము స్వల్పము. గలగల మ్రోత సామాన్యముగా పైకప్పు రేకు మరలు సడలుటచే కలుగును. ఒకటి రెండు మరలు బిగించి, రేకునకు మరకు నడుమ పాత సైకిలు ట్యూబు ముక్క నొకదాని నుంచినచో అది యణగును. షట్టరు ఒక ప్రక్కకు వాలి లేచుచు టకటకమని కొట్టుకొనుచున్న, చివరి బిళ్ళలు ఊడి పట్టీలు జరిగినవని యర్థము. పై నుండి బరువైన లోతుగొంతు మూల్గు వచ్చుచున్న, బేరింగులు చెడినవని గాని బ్రాకెట్టు గోడలో కదలుచున్నదని గాని గ్రహింపవలెను. ఈ కడపటిది కలిగినపుడు గోడవైపు చూడుడు. బ్రాకెట్టు చుట్టును సున్నపు పెచ్చు చిట్లి సన్నని పొడి రాలియున్నచో, నూరు కిలోల బరువు గోడలోని నాలుగు మేకులపై నాడుచున్నదన్నమాట. ఆ షట్టరు నా దినముననే ఆపి, మరమ్మతు చేయింపవలెను. రేపటికి వాయిదా వేయుటకు ఇది పంటకాలువ గట్టు గండి వంటిదే, వీలులేదు.

ఎండకాలమున మధ్యాహ్నము మాత్రమే బిగియు షట్టర్లు కొన్ని కలవు. ఇది పడమటి ముఖపు గిడ్డంగులలో హెచ్చు. ఇనుము వేడికి సాగును. 3 మీటర్ల పట్టీ 40 డిగ్రీల వేడి హెచ్చినచో సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు సాగును. గాడిలో ఆమాత్రపు చోటు లేనిచో పట్టీ కొనలు గాడి గోడను పొడిచి కీచుమనును. దీనికి కందెనతో పనిలేదు; గాడిని కొంచెము జరిపి బిగించుటయే మందు.

ఇక సామెతలోని సగపు సత్యమునకు వత్తము. మన తాతలు వరిగడ్డి కాల్చిన మసిని ఆముదముతో కలిపి నూరి కందెన చేసిరి. బండి యిరుసు చక్రపు కుండలో దాగియుండును, కందెనయు అందే యుండును. దుమ్ము చేరుటకు దారి తక్కువ. పైగా రైతు దానిని తరచుగా తుడిచి క్రొత్తది వేయును. షట్టరు గాడి అట్టిది కాదు. అది నేలనుండి పై దూలమువరకు నోరు తెరచికొని యున్న కాలువ. లారీ లేపు దుమ్ము, బస్తాలనుండి రాలు ఊక, చీపురు త్రోసిన చెత్త, అన్నియు దానిలోనే చేరును. జిడ్డు లేనిచో అందు కొంత రాలి క్రిందికి పోవును. జిడ్డున్నచో అంతయు అంటుకొనును. వడ్ల ఊక మెత్తనిదని తలపరాదు. దాని బూడిదలో నధికభాగము సిలికా, అనగా ఇసుక జాతి పదార్థమే. గ్రీజును, ఇసుక దుమ్మును కలిసినచో సానపట్టు ముద్ద యగును. అది షట్టరు ఆడినప్పుడెల్ల పట్టీల కొనలను అరగదీయును. మొదటి నాలుగు దినముల మౌనమునకు మనము చెల్లించు వెల యిది.

ఎరువుల గిడ్డంగిలో దీనికి తోడు మరియొక శత్రువు కలదు, అది ఉప్పు. యూరియా గాలిలోని తేమను పీల్చు స్వభావము గలది. 30 డిగ్రీల వేడిలో గాలి తేమ నూటికి 75 పాళ్ళు దాటినచో దాని పలుకులు చెమర్చి కరుగ నారంభించును. శ్రావణ భాద్రపదములలో మన కోస్తా గాలిలో నంతకంటె హెచ్చు తేమ యుండుట నిత్యానుభవమే. కరిగిన యూరియా గాడి యడుగున చేరి, ఎన్నడు నారని తడిని నిలుపును. మ్యూరియేట్ పొటాషులోని క్లోరైడు ఇనుమునకు సముద్రపు టుప్పువలెనే హాని చేయును. అమ్మోనియము లవణములు జింకు పూతను సయితము తినివేయును. గడప మీద బస్తాలను ఈడ్చుటచే రాలిన పలుకులు, ఊడ్చునపుడు షట్టరు మూలకు త్రోయబడును. అందువలననే గాడి యడుగు జానెడు మేర ముందుగా తినబడుట చూచుచున్నాము.

ఈ లవణములు నీట కరుగును గాని నూనెలో కరుగవు. ఈ యొక్క సంగతి జ్ఞాపకముంచుకొన్నచో చాలును. ఉప్పు పట్టిన గాడికి మీద నూనె రాచుట, పుండును కడుగకయే కట్టు కట్టుట వంటిది. లోపల తినుట ఆగదు, పైకి మాత్రము నునుపుగా కనబడును.

కావున పని వరుస ఇట్లుండవలెను. రోహిణి కార్తెలో, ఖరీఫు సరుకు దిగకమునుపు, మంచి యెండగల దినమును చూచుకొనుడు. ముందుగా గాడులలోని పాత జిడ్డును చెక్కపుల్లతో గోకి, కొంచెము కిరసనాయిలు తడిపిన గుడ్డతో తుడువవలెను. ఆ గుడ్డలను గిడ్డంగిలో వదలరాదు, దగ్గరలో బీడి కాల్చనీయరాదు. పిమ్మట సబ్బునీటితోను, తరువాత మంచినీటితోను గాడులను, పట్టీల లోపలి ముఖమును, అడుగు పట్టెను కడిగి తుడువవలెను. బకెట్టుతో కుమ్మరింపరాదు, తడిగుడ్డయే చాలును. పైన స్ప్రింగుల డబ్బీలపై నీరు పడనీయరాదు. బస్తాలను తలుపునకు దూరముగా ముందే జరిపి యుండవలెనని వేరుగ చెప్పనక్కరలేదు. పూర్తిగ నారిన తరువాత త్రుప్పు పట్టినచోట గరుకు కాగితముతో రుద్ది, త్రుప్పు నాపు రంగు పూయవలెను. రంగు గాడి లోపలి నునుపు ముఖమున దట్టముగా పడినచో అదియే క్రొత్త మ్రోతకు కారణమగును గావున పలుచగా పూయుడు.

ఆ తరువాతనే కందెన. అదియు చోటునుబట్టి వేరువేరు. గాడులకు జిడ్డు పనికిరాదని చెప్పితిమి. అచట తెల్లని మైనపు వత్తిని నిలువునా రెండు మూడు మారులు గట్టిగా రుద్దినచో చాలును. మైనము పొడిగా నుండి జారుడును ఇచ్చును, దుమ్మును అంటనీయదు. ఒక్క వత్తి ఒక షట్టరున కక్కరకు వచ్చును. ధనముగల సంఘములు సిలికాను స్ప్రే డబ్బాను కొనవచ్చును. దానిని గాడులలోను, పట్టీల కొక్కెములలోను చిలకరించి, షట్టరును నాలుగైదు మారులు ఆడించి, పైకి కారినదానిని గుడ్డతో నొత్తివేయవలెను. త్రుప్పు వదలించుటకై డబ్బాలలో నమ్ము పలుచని నూనెలు త్రుప్పును వదలించును గాని నిలువవు. వానిని కందెనయని నమ్మి విడిచినవారు నెలలోనే మరల కూత విందురు. నువ్వుల నూనె, వేరుసెనగ నూనె గాలికి క్రమముగా బంకగట్టును. వంటయింటికే వానిని విడుచుట మేలు. ఇంజనునుండి దించిన నల్ల నూనె మరింత హీనము. అది కారి విత్తనపు బస్తాలకు అంటినచో దాని నష్టము షట్టరు వెలకంటె హెచ్చగును.

చుట్ట తిరుగుచోట బేరింగులకు మాత్రము గ్రీజే తగినది. అచట మన సామెత మరల సత్యమగుచున్నది. కాని ఆ గ్రీజు పెట్టుట, స్ప్రింగులకు పలుచని మిషను నూనె తగిలించుట మన చేతి పని కాదు. సంవత్సరమున కొకమారు వచ్చు షట్టరు పనివానిచేతనే చేయింపవలెను.

స్ప్రింగు విషయమున మేము చెప్పునది పెడచెవిని పెట్టవలదు. బిగిసిన స్ప్రింగులో నూరు కిలోల బరువును లేపు బలము దాగియున్నది. షట్టరు పూర్తిగ పైకి చుట్టుకొని యున్నపుడును స్ప్రింగు కొంత బిగిసియే యుండును. అది సడలినదని భ్రమపడరాదు. ఒక గ్రామమున షట్టరు బరువెక్కినదని, మోటార్లు బాగుచేయు పడుచువా డొకడు నిచ్చెన యెక్కి, బ్రాకెట్టు మరను విప్పెను. మర సడలినంతనే గొట్టము గిర్రున వెనుకకు తిరిగి, దానిలో నుంచిన యినుప కడ్డీ వాని మణికట్టును విరిచెను. నిచ్చెన మీదనుండి పడి, ప్రాణముతో బయటపడుట వాని యదృష్టము. వానికి యంత్రజ్ఞానము లేదనరాదు. పంపుసెట్లను విప్పి బిగించుటలో దిట్ట. విద్యుత్తు ఆపినచో మోటారు నిద్రించును; స్ప్రింగునకు ఆపు మీట యేదియు లేదు. అదియే వానికి తోచలేదు. బ్రాకెట్టు, గొట్టము, స్ప్రింగు డబ్బీ - ఈ మూటి మరలపై ఎఱ్ఱరంగు పూసి, పనివాడు తప్ప మరెవ్వరును తాకరాదని ప్రతి సంఘమును కట్టడి చేయవలెను.

స్ప్రింగు సరిగా నున్నదో లేదో చూచుటకు దానిని తాకనక్కరలేదు. షట్టరును నడుము ఎత్తువరకు లేపి, పాదములు దూరముగా నుంచి, చేతిపట్టును మెల్లగా సడలింపుడు. పట్టు పూర్తిగా వదలకయే సంగతి చేతికి తెలియును. ఉన్నచోటనే నిలిచినచో, లేక కొంచెముగా కదలి ఆగినచో మంచిది. క్రిందికి బరువుగా లాగుచున్న స్ప్రింగు నీరసించినది. పైకి పరుగెత్తజూచుచున్న బిగువు మితిమీరినది. అట్టి షట్టరు పై దూలమునకు ఢీకొని నిత్యము ఢమ్మని మ్రోగును. ఇక నొక్కమారుగా టపాకాయవలె పెద్ద చప్పుడై, ఆ పిమ్మట షట్టరు బరువెక్కినచో స్ప్రింగు తెగినదని నిశ్చయింపవలెను. అప్పుడు షట్టరు పైననే యున్నచో, దాని క్రిందినుండి యెవ్వరును బస్తాలు మోయరాదు. రెండు ప్రక్కల గట్టి కొయ్య నిట్రాళ్లను అడుగు పట్టెకు పోటుపెట్టి, తాడు కట్టి దారి మూసి, పనివానిని పిలిపింపుడు. కొలిమి వెల్డరును పిలిచి పట్టీలను అతికించుట కొన్ని చోట్ల చూచుచున్నాము. పట్టీ కొక్కెము మడతబందు వంటిది. దానిని అతికినచో వంగదు, వంగనిచో చుట్ట గుండ్రముగా రాదు, ప్రతి త్రిప్పునకు ఒక దెబ్బ కొట్టును. గోనెలున్న గిడ్డంగిలో నిప్పురవ్వల మాట వేరుగ చెప్పనేల?

రాత్రివేళ గాలికి షట్టరు దడదడలాడుట మరియొక ఫిర్యాదు. ఊరి నడుమనున్న గిడ్డంగులకు ఇరుగుపొరుగువారితో తగవులు దీనివలననే. గాడిలో పట్టీకి చోటు హెచ్చుగా నున్నపుడు గాలి దానిని ముందునకు వెనుకకు కొట్టును. గాడి నోటివెంబడి బిగించుటకు నైలాను బ్రష్షు పట్టీలు అమ్మకమునకు కలవు. అవి లేనిచో ఉన్ని గుడ్డ పట్టీనైనను అంటింపవచ్చును, కాని షట్టరు ఆడుటకు చోటు మిగిల్చి మరీ అంటింపవలెను. అడుగు పట్టెకు దిట్టమైన రబ్బరు పట్టీ బిగించినచో మూయునపుడు నేలను కొట్టు చప్పుడు అణగును. దీనివలన లాభము మ్రోత తగ్గుట యొక్కటియే కాదు. 6 మిల్లీమీటర్ల సందు చాలును, చుంచు లోపలికి దూరుటకు. రబ్బరు ఆ సందును మూయును, జల్లునీటిని ఆపును. నేల యెగుడుదిగుడుగా నున్నచో ముందుగా సిమెంటుతో సరిచేయవలెను. ఒక ప్రక్క ఆనక యుండు అడుగు పట్టె ఎన్ని రబ్బరులు కట్టినను మ్రోగకమానదు.

సముద్రతీర గ్రామములలో గాలి దడదడను మరింత శ్రద్ధతో చూడవలెను. 2014 అక్టోబరు 12న విశాఖపట్టణమును తాకిన హుద్‌హుద్ వంటి తుపానులలో వీచు గాలికి వెడల్పైన షట్టరు తెరచాపవలె లోపలికి పొట్ట కట్టును. పొట్ట కట్టినకొలది పట్టీల కొనలు గాడిలోనుండి బయటకు జారును. లోతు తక్కువ గాడులు, ఊడిన చివరి బిళ్ళలు గల షట్టరులో అవి జారుట మరింత సులభము. ఒక్క పట్టీ తప్పినచో మిగిలినవియు దానివెంట వచ్చును, గాలి లోపల దూరి పైకప్పును లేపును. నిత్యము టకటకలాడు షట్టరును తుపానుల కాలమునకు ముందే, అనగా ఆశ్వయుజమునకు ముందే సవరించుకొనుట అందువలననే అవసరము.

కూత యుండుటయే మేలు, దొంగ తలుపెత్తినచో ఊరంతయు లేచునని వాదించు సభ్యులును కలరు. ఒక సంఘపు సర్వసభ్య సమావేశమున ఈ వాదమును గంభీరముగా చేయగా మేము విన్నాము. త్రుప్పును కావలికుక్కగా పెంచుట చమత్కారముగానే యున్నది! కాని ప్రతిదినము తెల్లవారుజామున లారీ వచ్చినప్పుడెల్ల మ్రోగు తలుపు, దొంగ వచ్చిన రాత్రి మ్రోగినను ఎవ్వరును లేవరు. లారీ వచ్చినదనుకొని ప్రక్కకు తిరిగి పండుకొందురు. మెత్తగా నాడు షట్టరునకు గట్టి తాళము, తాళమునకు తగిన కడ్డీ, అవసరమైనచో గంట కూడ పెట్టుకొనవచ్చును.

క్రొత్త షట్టరు వేయించుకొను సంఘములకు రెండు మాటలు. వెడల్పైన దొక్కటి వేయించుటకంటె, చోటున్నచో, నడుమ గోడ స్తంభమునుంచి చిన్నవి రెండు వేయించుట మేలు. బరువు తగ్గును, ఒకటి చెడిన రెండవది అక్కరకు వచ్చును. వెల కొంత హెచ్చినను బేరింగులు గలదానినే యడుగుడు. ఎరువులకు విత్తనములకు ఒకే తలుపుగాక వేరు తలుపులుండుట యుత్తమము. ఇనుప షట్టర్లకు భారతీయ ప్రమాణ సంస్థవారి నిర్దేశము కలదు, దాని సంఖ్య 6248. టెండరు పత్రములో ఆ సంఖ్యను, పట్టీ రేకు మందమును వ్రాయింపుడు. సరుకు వచ్చినపుడు మందమును కొలుచుకొనుడు. కొలువక తీసికొన్న షట్టరు పలుచగా వచ్చుట యాశ్చర్యము కాదు.

పనివాని రాకను, అతడు చేసిన పనిని సరుకు రిజిష్టరులోనే ఒక పుటలో తేదీతో వ్రాసి యుంచవలెను. గడప యొద్ద రాలిన యెరువును ప్రతి సాయంకాలమును లోపలి ప్రక్కకు ఊడ్చి యెత్తు భారము ఒక మనిషిదై యుండవలెను. అందరి పనియన్నచో అది యెవ్వరి పనియు కాకపోవుట సహకార సంఘములవారికి మేము చెప్పవలసినది కాదు.

ఇటీవల కొన్ని సంఘములు విద్యుత్తు మోటారుతో నాడు షట్టర్లను కోరుచున్నవి. ఎత్తుటకు శ్రమ లేదు, కుదుపు తక్కువ, మ్రోతయు కొంత తగ్గును. అయితే ధాన్యపు గిడ్డంగిలో పురుగు మందుగా అల్యూమినియము ఫాస్ఫైడు బిళ్ళలను అర్హులైనవారిచేత పెట్టించు వాడుక కలదు. దానినుండి వెలువడు ఫాస్ఫీను వాయువు మనుష్యులకు ప్రాణాంతకమే కాక, రాగిని తినివేయు గుణముగలది. మోటారు చుట్టలు, మీటలు, తీగల కొనలు అన్నియు రాగియే. అందుచేత మందు పెట్టు గిడ్డంగిలో మోటారును, మీటల పెట్టెను గోడకు వెలుపల, వాన తగులని పెట్టెలో బిగింపజేయవలెను. విద్యుత్తు లేనపుడు చేతితో లాగుటకు గొలుసు కూడ నుండితీరవలెనని ముందుగానే వ్రాయించుకొనుడు.